అడ్డుగోడ ఎత్తెంత?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. వాటితో పాటు "ప్రహరీ గోడ కట్టి చూడు" అని కూడా ఎందుకు చేర్చలేదో నాకు బోధపడదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో వేగాలి. పెళ్ళి చేసేటప్పుడు వియ్యాలవారితో వేగాలి. అవి రెండూ ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తాయి. గోడ కట్టిన రోజునుంచీ పక్కింటివారితో వేగాలే, దానికి ముగింపు ఎక్కడిదండీ!

గోడ అంటే ఇటుకా, సున్నమూ, సిమెంటూ అనుకుంటాం. కానీ ఈ గోడ గురించి మునులూ, రాజులూ, న్యాయమూర్తులూ, మునిసిపాలిటీవారూ వేల సంవత్సరాలుగా తల బద్దలు కొట్టుకుంటూనే ఉన్నారు. ఎక్కడ కట్టాలి? ఎంతెత్తు కట్టాలి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ చరిత్రంతా చదువుతుంటే నాకొకటి తోచింది. ఈ చట్టాలు పైకి మట్టి గురించి మాట్లాడతాయి గాని, వాటి లోపలి గొడవంతా మనిషి చూపు గురించీ, మనిషి మనసు గురించీను. 'పక్కవాళ్ళు నన్ను చూడకూడదు' అన్నది ఒక కోరిక. 'పక్కవాళ్ళు నా గాలీ వెలుతురూ ఆపకూడదు' అన్నది ఇంకో కోరిక. రెండూ న్యాయమైనవే. రెండూ ఒకే గోడ దగ్గర ఢీకొంటాయి.

మొదట్లో గోడల కన్నా గుర్తులే ముఖ్యం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఊళ్ళ సరిహద్దు తగాదాల సంగతి ఉంది. పొలిమేరలో మర్రి, రావి, మోదుగ, తాడి వంటి చెట్లు నాటమంటుంది. చెట్లు కొట్టేసి బుకాయించే పెద్దమనుషులు ఆ రోజుల్లోనూ ఉన్నారు కాబోలు, భూమిలో కొన్ని రహస్యపు గుర్తులు కూడా పాతిపెట్టమంది. ఏమిటవి? రాళ్ళు, ఎముకలు, ఆవు వెంట్రుకలు, ఊక, బూడిద, పెంకులు, పిడకలు, ఇటుకలు, బొగ్గులు, ఇసుక! జాబితా చదివితే మన పెరట్లో ఓ మూల పోగుపడే సామానంతా అందులో ఉంది. భూమిలో తొందరగా కలిసిపోనివి అని వాటిని ఎంచారు. రాజుగారి మాట మారినా మన పొయ్యిలో బూడిద మాట మారదన్నమాట.

గ్రీకులు దూరాన్ని కొలిచారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం మొదట్లో ఏథెన్సు నగరానికి చట్టాలు రాసిన సోలన్, పొరుగువాడి హద్దు పక్కన గోడ కడితే ఒక అడుగు వదలమన్నాడు. ఇల్లు కడితే రెండడుగులు. చెట్టు వేస్తే అయిదడుగులు. ఆలివ్ చెట్టో, అంజూర చెట్టో అయితే తొమ్మిదడుగులు. వాటి వేళ్ళు దూరం పాకి పక్కవాడి భూమిలో సారం లాగేస్తాయట. పక్కింటి కొబ్బరిచెట్టు మన పెంకుల మీద కాయలు రాలుస్తుంటే మనం పడే బాధ సోలన్‌గారికి రెండున్నర వేల ఏళ్ళ క్రిందటే తెలుసు!

మన కౌటిల్యుడు ఇంకాస్త ముందుకు వెళ్ళాడు. ఆయన 'అర్థశాస్త్రం' చాలాకాలం కనుమరుగై ఉండి, 1905లో మైసూరులో శామశాస్త్రిగారి చేతికి తాటాకుల ప్రతిగా వచ్చింది. 1909లో అచ్చయింది. రాజులూ, గూఢచారులూ, దండయాత్రలూ తప్ప అందులో మనకేముంటుంది అనుకుంటాం గాని, మూడో అధికరణం తిరగేస్తే అచ్చంగా మన వీధి గొడవలే. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక కిష్కువో, మూడు పదాలో సందు వదలాలి. కిష్కువు అంటే చేతి కొలత, పదం అంటే అడుగు కొలత. రెండు చూరుల మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు ఎడమైనా ఉండాలి, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కైనా ఉండాలి. వెలుతురు కోసం కిటికీ పెట్టుకోవచ్చు, కానీ చిన్నదిగా, పైకి ఉండాలి. ఎదుటివారికి ఇబ్బంది కలిగేలా తలుపుకు ఎదురుగా తలుపూ, కిటికీకి ఎదురుగా కిటికీ పెడితే జరిమానా. రాజమార్గం మీదా, వీధి మీదా అయితే ఫరవాలేదు.

చూశారా, ఆ కిటికీ చిన్నదిగా, పైకి ఎందుకుండాలి? వెలుతురు లోపలికి రావాలి, చూపు మాత్రం బయటికి పోకూడదు. ఒక్క కిటికీతో రెండు కోరికలనూ తీర్చేశాడు మహానుభావుడు.

ఇదే ఆలోచన ఇంకెక్కడో, ఇంకెవరికో కూడా వచ్చింది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో యూదు పండితులు తమ ధర్మాలను 'మిష్నా' అనే గ్రంథంగా కూర్చారు. అందులో ఒక భాగం సరిగ్గా ఈ గోడతోనే మొదలవుతుంది. ఉమ్మడి లోగిలిని ఇద్దరు పంచుకోదలిస్తే గోడ మధ్యలో కట్టాలి, ఇద్దరూ చెరిసగం స్థలం ఇవ్వాలి. ఆ గోడ కూలితే నాలుగు మూరల ఎత్తు వరకూ తిరిగి కట్టడానికి ఇద్దరూ బాధ్యులే. నాలుగు మూరలంటే సుమారు ఆరడుగులు. మామూలు మనిషి మునివేళ్ళ మీద లేచినా అవతలికి కళ్ళు ఆననంత ఎత్తు. ఆ లోగిలిలో కూడా కిటికీకి ఎదురుగా కిటికీ, తలుపుకు ఎదురుగా తలుపు పెట్టకూడదు! తర్వాతి పండితులు దీని మీద చర్చించి ఒక మంచి మాట వాడారు: 'చూపు వల్ల కలిగే నష్టం'. రాయి విసిరితే నష్టం, నిప్పు పెడితే నష్టం. సరే. ఊరికే చూస్తే కూడా నష్టమేనా అని వాదించుకుని, నష్టమే అని తేల్చారు.

ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు పట్టలేని సంతోషం కలిగింది. పెరట్లో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆడపిల్లను పక్క మేడ మీదనుంచి ఎవరో చూస్తున్నారని మనం ఇంట్లో చెబితే, "చూస్తే ఏం పోయింది? కొరుక్కు తిన్నాడా?" అని కొట్టిపారేసే మగవాళ్ళు ఎంతమంది లేరు? ఏం పోయిందో ఆ పండితులు 18 వందల ఏళ్ళ క్రిందటినుంచీ లెక్క కడుతూనే ఉన్నారు.

లండన్ నగరానికి మొదట్లో ఈ చూపు గొడవ కన్నా నిప్పు గొడవ ఎక్కువ. కొయ్య ఇళ్ళు, గడ్డి కప్పులు. ఒకటి అంటుకుంటే వీధంతా బుగ్గే. 1189 నాటిదిగా చెప్పే నియమావళి ప్రకారం, పక్కపక్క ఇళ్ళవాళ్ళు కలిసి రాతి గోడ కట్టదలిస్తే ఒక్కొక్కరూ ఒకటిన్నర అడుగుల స్థలం ఇవ్వాలి. గోడ మూడడుగుల మందం, 16 అడుగుల ఎత్తు ఉండాలి. ఇరుగుపొరుగు తగాదాలు వినడానికి నగరపెద్దలు స్వయంగా ఆ స్థలానికి వెళ్ళి చూసేవారు. అలా విన్న ఫిర్యాదుల దస్త్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

వాటిలో 1341 నాటి ఫిర్యాదులు కొన్ని ఇసబెల్ అనే ఒక వితంతువువి. ఆవిడ ఒకేసారి పలువురు పొరుగువాళ్ళ మీద ఫిర్యాదు చేసింది. ఒకాయన కిటికీల అద్దాలు పగిలిపోయాయట, ఆయనా ఆయన నౌకర్లూ ఆ కన్నాల్లోంచి తన తోటలోకి చూస్తున్నారట. మగదిక్కు లేని మనిషి, చుట్టూ అన్నీ కళ్ళే! ఆ రోజుల్లో ఆ ఊళ్ళో కిటికీ నేలకు 16 అడుగుల ఎత్తున ఉంటే ఒక న్యాయం, అంతకన్నా క్రిందికి ఉండి పక్కవారి గుట్టు చూస్తుంటే ఇంకో న్యాయం. అలాంటి కిటికీలు 40 రోజుల్లోగా మూసెయ్యాలని తీర్పులిచ్చేవారు. ఆవిడ ముఖం మనకు తెలియదు. ఆవిడ తోటలో ఏం పూలు పూశాయో తెలియదు. కానీ "నా పెరట్లో నేను ఒంటరిగా ఉండే హక్కు నాకుంది" అని ఒక ఆడది నగరపెద్దల ఎదుట నిలబడి అడిగినట్టు మాత్రం రాతపూర్వకంగా ఉంది.

ఇంతవరకూ చదివినవారు, 'అయితే గోడ ఎంతెత్తు ఉంటే అంత మంచిదన్నమాట' అనుకోవచ్చు. ఆగండి.

మేము ఇదివరకు ఉన్న కాలనీలో రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. దాని మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ నడిచేవి. ఏదో మాటా మాటా వచ్చి ఒకరు రెండు వరసలు ఇటుక పేర్చారు. రెండోవారు తామేం తక్కువ తిన్నామా అని దాని మీద రేకులు నిలబెట్టారు. పడమటింటి పెద్దావిడ పెరట్లో పొద్దున పూట ఎండ రావడం మానేసింది. గోడ వారగా ఉన్న మల్లెపాదు ఆ ఏడు సరిగా పుయ్యలేదు. వడియాలు పెట్టుకోవడానికి డాబా మెట్లు ఎక్కలేక ఆవిడ ఆ పని మానేసింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. చట్టప్రకారం ఎవరి స్థలంలో వారు కట్టుకున్నారు. అయినా ఆ ఇంటికి వెళితే గొంతు మీద ఎవరో చెయ్యి వేసి నొక్కుతున్నట్టుండేది. చూపు తగిలితే నష్టం ఉన్నట్టే, వెలుతురు తగలకపోయినా నష్టం ఉంది.

ఈ రెండో నష్టానికి ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ ఉదాహరణ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. చార్లెస్ క్రాకర్ అని ఒక కోటీశ్వరుడు. అమెరికా ఖండాన్ని అడ్డంగా దాటే మొదటి రైలుమార్గం 1869లో పూర్తయింది కదా, దాని పడమటి భాగం వేయించిన నలుగురు ఆసాముల్లో ఈయనొకడు. 1870ల్లో నాబ్ హిల్ అనే గుట్ట మీద ఈ శ్రీమంతులంతా భవంతులు లేపారు. క్రాకర్ తన భవంతి కోసం నాలుగు వీధుల మధ్య ఉన్న స్థలమంతా కొనేశాడు, ఒక్క చిన్న ముక్క తప్ప. ఆ ముక్క నికొలస్ యుంగ్ అనే జర్మన్ దేశస్థుడిది. ఆయన వృత్తి అంత్యక్రియలు జరిపించడం. ఆయనకు అక్కడో మామూలు ఇల్లుంది. బేరం కుదరలేదు. ఎవరెంత అడిగారు, ఎవరెంత ఇస్తామన్నారు అన్నది తలొకరూ తలోరకంగా చెబుతారు. ఏమైతేనేం, కోటీశ్వరుడికి కోపం వచ్చింది.

ఆయన యుంగ్ స్థలానికి మూడు వైపులా తన స్థలంలో కొయ్య పలకలతో కంచె కట్టించాడు. ఎత్తెంతనుకున్నారు? సుమారు 40 అడుగులు! అంటే నాలుగంతస్తుల మేడ. మధ్యలో ఇల్లు బావిలో పడ్డ కుండలా అయింది. ఎండ లేదు, గాలి లేదు. నాలుగోవైపు వీధి ఉంది కనక సరిపోయింది, లేకపోతే అటుకూడా కట్టేవాడే. ఈ వింత చూడటానికి జనం గుట్ట ఎక్కి వచ్చేవారు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్క క్షణం నేలను వదులుతాయని ఫొటోలతో చూపించిన మైబ్రిడ్జ్ అనే ఆయన, 1878లో ఆ గుట్ట మీదనుంచి ఊరంతా ఫొటోలు తీశాడు. వాటిలో ఈ కంచె ఈనాటికీ కనబడుతుంది.

1877 అక్టోబరులో పనులు లేక మండిపడుతున్న కార్మికులు వేలమంది గుట్ట మీదికి వచ్చి, ఆ కంచె పడగొట్టకపోతే మేమే పడగొడతామని హెచ్చరించారు. పేదవాడి పక్షాన వచ్చారు కదా అని వారిని మెచ్చుకుందామంటే, ఆ నోటితోనే చీనా కూలీలను తరిమికొట్టాలని కూడా అరిచారు. ఒక గోడ కూల్చమంటూ ఇంకో గోడ కడుతున్నారన్నమాట. చివరికి కంచె కదల్లేదు.

యుంగ్ తన ఇంటిని ఇంకోచోటికి తరలించుకున్నాడు గాని స్థలం మాత్రం అమ్మలేదు. 1880లో ఆయన చనిపోయాడు. 'ఇక ఆ విధవరాలు ఎంతసేపు నిలుస్తుంది' అని అనుకునే ఉంటారు. ఆవిడ అమ్మలేదు! 1888లో క్రాకర్ కూడా పోయాడు. కట్టినవాడూ లేడు, కట్టించుకున్నవాడూ లేడు, కంచె మాత్రం అలాగే ఉంది. 1904లో గాని ఆ ముక్క క్రాకర్ వారసుల చేతికి రాలేదు. పావు శతాబ్దం పైగా పట్టుదల పట్టి సాధించిన స్థలం కదా, ఎన్నాళ్ళు అనుభవించారు? రెండేళ్ళు. 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపం, దాని వెంట లేచిన మంటలు ఆ భవంతిని బూడిద చేశాయి. తర్వాత ఆ కుటుంబంవారు స్థలాన్నంతా చర్చికి దానమిచ్చేశారు. ఇవాళ అక్కడ గ్రేస్ కెథీడ్రల్ అనే పెద్ద ప్రార్థనామందిరం ఉంది. ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చు.

మరి పోలీసులూ కోర్టులూ ఏం చేస్తున్నట్టు? అదే తమాషా. ఎవడి భూమి వాడిదైతే దానిపైన ఆకాశం కూడా వాడిదే అన్నది ఇంగ్లీషువారి పాత న్యాయం. నీ స్థలంలో నువ్వు ఎంతెత్తు కట్టుకున్నా నీ ఇష్టం. ఇంగ్లండులో ఇరవై ఏళ్ళు వెలుతురు వచ్చిన కిటికీకి కొంత రక్షణ ఉంది గాని, అమెరికా కోర్టులు ఆ సూత్రాన్ని కూడా ఒప్పుకోలేదు. కొత్త ఊళ్ళు, రోజూ కొత్త కట్టడాలు లేచే చోట అది కుదరదన్నారు. అంచేత క్రాకర్ చేసింది నేరం కాదు.

ఇలాంటి కంచెలకు ఆ దేశంలో 'పగ కంచె' అనే అర్థం వచ్చే పేరు స్థిరపడిపోయింది. 1887లో మసాచుసెట్స్ రాష్ట్రం ఒక చట్టం చేసింది: అవసరం లేకుండా ఆరడుగులు మించి, పక్కవారిని బాధపెట్టాలనే దురుద్దేశంతో కట్టిన కంచె తప్పే. రెండేళ్ళ తర్వాత దీని మీద కోర్టులో వాదన వచ్చినప్పుడు, తర్వాత కాలంలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పెద్దపేరు తెచ్చుకున్న హోమ్స్ ఈ చట్టం చెల్లుతుందని తీర్పు రాశారు. కాకపోతే, కట్టినవాడికి మరే మంచి కారణమూ లేదు, ద్వేషమే అసలు కారణం అని రుజువు కావాలన్నారు. కాలిఫోర్నియా చట్టం పదడుగుల దగ్గర గీత గీసింది.

నన్ను ఆలోచింపజేసింది ఇదే. అంతవరకూ చట్టం టేపు పట్టుకుని గోడను కొలిచింది. ఇక్కడ మాత్రం, "ఎందుకు కట్టావు?" అని అడిగింది. ఆరడుగుల గోడ గుట్టు కోసం. నలభై అడుగుల గోడ దేనికోసం? మనసును కొలిచే టేపు ఏ కొట్లోనూ దొరకదు కనక, గోడ ఎత్తును బట్టి మనసును అంచనా కడదామనుకున్నారు.

తరవాత నగరాలు పెద్దవయ్యాయి. ప్రతి తగాదాకూ మనసులు వెతుకుతూ కూర్చుంటే కోర్టులకు తెల్లారదు కదా! 1916లో న్యూయార్క్ నగరాన్ని వాడకాన్నిబట్టి మండలాలుగా విభజించి నియమాలు పెట్టారు. 1926లో సుప్రీంకోర్టు అలాంటి విభజన చెల్లుతుందన్నది. ఇప్పుడు ఆ దేశంలో చాలా నగరాల్లో ఇంటి ముందు కంచె మూడు నాలుగడుగులు దాటకూడదు, పక్కలా వెనకా ఆరడుగులదాకా ఉండవచ్చు. ముందువైపు వీధిది, వెనకవైపు ఇల్లాలిది అని పంచినట్టుంది. వీధి మలుపులో గోడ ఇంకా పొట్టిగా ఉండాలి, బండి నడిపేవాడికి ఎదర వచ్చే పసిపిల్ల కనబడాలి గనక. అంతే కాదు, ఇళ్ళ పక్కన దుకాణమో, బండ్లు నిలిపే జాగానో వస్తే, చెత్తకుండీలు ఇళ్ళవారికి కనబడకుండా దుకాణదారే అడ్డుగోడ కట్టి తీరాలని కూడా అక్కడ చాలా ఊళ్ళ నియమం. ఒకచోట వద్దన్న గోడను ఇంకోచోట కట్టమంటుంది చట్టం.

ఇంగ్లండులో మనుషులు ఇంకా తెలివైనవాళ్ళు. గోడకు నియమం ఉంటే మొక్కకు లేదుగా అని ఏపుగా పెరిగే సైప్రస్ జాతి చెట్లను వరసగా వేశారు. చూస్తుండగానే అవి మేడలు దాటాయి. పోట్లాటలు ముదిరి, చివరికి 2003లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. రెండు మీటర్లు మించిన ఆకురాలని చెట్ల కంచె పక్కింటి వెలుతురును ఆపితే స్థానిక సంస్థకు ఫిర్యాదు చేసుకోవచ్చు.

మన దేశం సంగతికొస్తే, 1970లో మొదటిసారి వెలువడి, 2005లోనూ 2016లోనూ సవరణలు పొందిన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒకటుంది. ఎవరి మునిసిపాలిటీ నియమాలు వారికున్నా, వాటికి ఇది పెద్దన్నలాంటిది. ఎదుటి వీధి మధ్యనుంచి కొలిస్తే ప్రహరీ 1.5 మీటర్లు మించకూడదంటుంది. 2.4 మీటర్ల వరకూ పెంచుకోవాలంటే పైన 0.9 మీటరు భాగం కమ్మీలో జాలీయో పెట్టి గాలాడేలా ఉంచాలి. మూలస్థలమైతే మలుపు దగ్గర కొంతదూరం 0.75 మీటరే. ఈ నియమాలు జైలు గోడలకు వర్తించవని కూడా అందులో ఉంది. ఎందుకైనా మంచిదని రాసుంటారు!

ఆ మీటరున్నర ఎత్తును మన కొలతల్లో చూస్తే అయిదడుగుల లోపే. మనలో చాలామంది ఎత్తు కూడా ఇంచుమించు అంతే. గోడ పక్కన మామూలుగా నిలబడి బట్టలు ఉతుక్కుంటే అవతలివాళ్ళకు మనం కనబడం, మనకు వాళ్ళు కనబడరు. కావాలనుకుంటే ఒక ఇటుక వేసుకుని ఎక్కి, "ఏమండీ పిన్నిగారూ, ఈపూట ఏం వండారు?" అని అడగవచ్చు. అనుకుని పెట్టారో, అనుకోకుండా పెట్టారో గాని, గుట్టుకూ పలకరింపుకూ మధ్య సరిగ్గా కుదిరిన ఎత్తు అది. ఆ పైన కమ్మీలు పెట్టమన్నది కూడా కౌటిల్యుడి చిన్న కిటికీలాంటిదే.

ఆ కౌటిల్యుడే, సందులూ చూరులూ కిటికీలూ అన్నీ వేళ్ళతో సహా కొలిచి చెప్పాక, ఇంకొక మాట చేర్చాడు. ఇళ్ళవాళ్ళు కలిసి మాట్లాడుకుంటే తమకిష్టమైనట్టు కట్టుకోవచ్చు, ఇష్టంలేనిది ఆపుకోవచ్చు అని. అంటే కొలతలన్నీ మాట్లాడుకోనివారి కోసమేనట. ప్లాను గీయించేముందు, మేస్త్రీని పిలిచేముందు, ఒకసారి పక్కింటికి వెళ్ళి కాఫీ తాగి రమ్మని ఆయన సలహా. ఆ ఖర్చుతో పోలిస్తే ఇటుకల ధర ఎక్కువే కదండీ!